అనుమితియు మనోవ్యాపారమును

కొండమీఁదఁ బొగ కనఁబడుచున్నది. కావున నచ్చట నిప్పు గలదు. తర్కసంగ్రహమును బఠింపఁ బూనిన ప్రతి విద్యార్థికిని ఈ యుదాహరణము కంఠస్థమే. కాని పొగను జూచుటకును, నిప్పు గలదని నిశ్చయించుటకును నడుమ మనస్సున నేమి జరుగుచున్నదను ప్రశ్న కంఠపాఠముచేఁ దీరునది కాదు. అందఱును ఒకే తీరున ననుమానింతురా? చదువులేనివాఁడును విద్వాంసుఁడును ఒకే మార్గమున నిగమనమునకు వత్తురా? తప్పు జరిగినపుడు అది యే మెట్టున జరుగును? గడచిన నూఱేండ్లలోఁ బాశ్చాత్య మనస్తత్త్వశాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నలకు సమాధానములను బరీక్షలచే వెదకిరి. ఆ పరీక్షలనుండి కొందఱు తీసిన సిద్ధాంతము మిక్కిలి కఠినమైనది: మనుష్యుఁడు స్వభావముచేతనే తర్కహీనుఁడని. ఈ సిద్ధాంతము నిలుచునా యనునదియే యిచ్చట విమర్శింపఁదగిన విషయము.

తర్కమునకును మనోవ్యాపారమునకును గల సంబంధమునుగూర్చిన వివాదము క్రొత్తది కాదు. జార్జి బూలు 1854లోఁ బ్రకటించిన తన తర్కగ్రంథమునకు “ఆలోచనా నియమముల పరిశోధనము” అను నర్థమిచ్చు పేరుపెట్టెను. తర్కనియమములే మనస్సు నడచు నియమములని యాతని తలంపు. జర్మనుదేశీయుఁడైన గొట్లోబ్ ఫ్రేగె 1884లో నంకగణిత మూలములనుగూర్చి వ్రాసిన గ్రంథమున నీ రెంటిని వేఱుచేయవలెనని గట్టిగా వాదించెను. యోచింపవలసిన తీరు వేఱు, యోచించుచున్న తీరు వేఱు అని యాతని పక్షము. అటుపిమ్మట నచ్చటి తర్కము గణితముతోఁ జేరిపోయెను. మనోవ్యాపారము మనస్తత్త్వశాస్త్రమునకు మిగిలెను. న్యాయశాస్త్రమునం దీ విభాగము జరుగలేదు. నైయాయికుఁడు వాక్యముల రూపమును మాత్రము పరీక్షించి యూరకుండఁడు. లింగమును జూచుట, వ్యాప్తిని స్మరించుట, ఆ వ్యాప్తితోఁ గూడిన లింగము పక్షమునఁ గలదని పరామర్శించుట, పిమ్మట ననుమితి పుట్టుట అని జ్ఞానము పుట్టుక్రమమునే చెప్పును. కావున నీ శాస్త్రమును మనస్తత్త్వపరీక్షలతోఁ బోల్చి చూచుట యసంగతము గాదు. ఆంధ్రుఁడని ప్రసిద్ధి గన్న యన్నంభట్టు బాలురకై వ్రాసిన చిన్నపుస్తకములోని మాటలే యీ పోలికకుఁ జాలును.

మనుష్యుఁడు తర్కహీనుఁడను వాదమునకుఁ బ్రధానమైన యాధారము లండను యూనివర్సిటీ కాలేజీకిఁ జెందిన పీటరు వేసన్ 1966లోఁ బ్రకటించిన చీటుల పరీక్ష. బల్లమీఁద నాలుగు అట్టచీటు లుండును. ప్రతి చీటికి నొకవైపున నక్షరమును, రెండవవైపున నంకెయు నుండును. పైకిఁ గనఁబడునవి యొక యచ్చు, ఒక హల్లు, 4, 7. “ఒకవైపున నచ్చున్నచో రెండవవైపున సరిసంఖ్య యుండును” అను నియమము నిజమో కాదో తేల్చుటకు ఏయే చీటులను ద్రిప్పిచూడవలెను? సరియైన యుత్తరము అచ్చుగల చీటియు, 7 గల చీటియు. 7 వెనుక నచ్చున్నచో నియమము భగ్నమగును. 4 వెనుక హల్లున్నను నియమమునకు హాని లేదు. సరిసంఖ్య వెనుక హల్లుండరాదని నియమము చెప్పలేదు గదా. వేసనును, అతని శిష్యుఁడు ఫిలిప్ జాన్సన్-లెయర్డును 1970లో నిట్టి పరీక్షలు నాలుగింటి ఫలముల నొకచోఁ గూర్చిరి. 128 మందిలో 59 మంది అచ్చును సరిసంఖ్యను ఎన్నుకొనిరి. 42 మంది అచ్చును మాత్రమే యెన్నుకొనిరి. సరియైన జంటను మాత్రమే యెన్నుకొన్నవా రైదుగురు. ఇట్టి పరీక్షలలోఁ గూర్చుండువారు ప్రాయికముగా విశ్వవిద్యాలయ విద్యార్థులు. అందువలననే యీ లెక్క పండితలోకమును గలఁచెను.

ఈ తప్పును న్యాయపరిభాషలోఁ బెట్టి చూచినచో దాని స్వరూపము స్పష్టమగును. ఇచ్చట నచ్చు హేతువు, సరిసంఖ్య సాధ్యము. హేతువున్నచోట సాధ్యమున్నదేమో చూచుట యన్వయపరీక్ష. దీని నించుమించుగా నందఱును జేసిరి. సాధ్యము లేనిచోట హేతువున్నదేమో చూచుట వ్యతిరేకపరీక్ష. వ్యభిచారమును బట్టుకొనఁదగిన స్థల మదియే. దానిని జూచినవా రరుదు. ఇఁక సరిసంఖ్యను ద్రిప్పఁబోయినవారు వ్యాప్తిని దలక్రిందులు చేసికొనిరనవచ్చును. పొగయున్నచోట నిప్పుండును గాని, నిప్పున్నచోటనెల్లఁ బొగ యుండదు. ఎఱ్ఱగాఁ గాలిన యినుపగుండులో నిప్పు గలదు, పొగ లేదు. నిప్పునుబట్టి పొగ నూహించుటకుఁ దడికట్టెలతోడి సంబంధమను నుపాధి కావలెను. ఈ పాఠమును బ్రత్యేకముగా నేర్పవలసి వచ్చినదన్న సంగతియే, వ్యాప్తిని దలక్రిందులు చేయు పొరపాటు పూర్వులకును బరిచితమైనదే యని చాటుచున్నది. ఎవరును జేయని తప్పునకు శాస్త్రమున బేరుపెట్టరు.

అయినను నీ లెక్కనుబట్టి మనుష్యునికి వ్యతిరేకజ్ఞానమే లేదనుట సాహసము. గ్రిగ్స్, కాక్స్ అను నమెరికా పండితులు 1982లో ఫ్లారిడా విద్యార్థులకు వేఱొక నియమము నిచ్చిరి: “బీరు త్రాగుచున్నచో వయస్సు 19కి మించియుండవలెను.” నాఁ డచ్చటి చట్టమట్టిదే. చీటులమీఁద బీరు, కోకాకోలా, 16, 22 అని యుండెను. ఈసారి నూటికి డెబ్బదిమందికిఁ బైగా బీరుచీటిని 16 చీటిని ఎన్నుకొనిరి. నియమముయొక్క యాకృతి మునుపటిదే. విషయము మాత్రమే మాఱినది. దీనినుండి విషయపరిచయము తర్కశక్తిని మేలుకొలుపునని కొందఱనిరి. నియమభంజకులను బట్టుకొనుటకు మనస్సున బ్రత్యేకమైన యుపకరణము గలదని లీడా కాజ్‌మిడెస్ 1989లో వాదించెను. ఈ రెండు వాదములయందును విమర్శింపవలసిన యంశ మొకటి గలదు. మొదటి పరీక్షలో నడిగినది నియమము నిజమా యని. రెండవదానిలో నడిగినది నియమమును మీఱినవాఁ డెవ్వఁడని. మొదటిచోట నియమమే సందిగ్ధము. రెండవచోట నియమము సిద్ధము, మనుష్యుఁడు సందిగ్ధుఁడు. ప్రశ్న మాఱినపుడు ఉత్తరము మాఱుట యాశ్చర్యము గాదు. అయినను రెండవ పరీక్షవలన నొక సంగతి నిస్సంశయముగాఁ దేలుచున్నది. భంగము నెచ్చట వెదకవలెనో తెలిసినపుడు మనుష్యుఁడు సాధ్యాభావముగల చోటికిఁ దానై పోఁగలఁడు. లోపము శక్తియందుఁ గాదు. దానిఁ బ్రయోగింపవలసిన యవసరమును గుర్తించుటయందు.

ఇఁక మనస్సున నిగమన మెట్లు పుట్టునను విషయమున రెండు మతములు ప్రధానములు. మనస్సున గొన్ని యనుమాననియమములు సహజముగా నున్నవనియు, వాని నొక్కొక్కటిగాఁ బ్రయోగించి మనుష్యుఁడు మెట్టుమెట్టుగా నిగమనమునకు వచ్చుననియు నొక మతము. మార్టిన్ బ్రెయిన్ దీని నుపపాదింపఁగా, లాన్స్ రిప్స్ 1994లో “నిరూపణ మనస్తత్త్వము” అను నర్థమిచ్చు గ్రంథమున విస్తరించెను. రెండవ మతము జాన్సన్-లెయర్డుది, 1983లోఁ బ్రకటితము. దీనినిబట్టి మనస్సు నియమములను బ్రయోగింపదు. వాక్యములు చెప్పిన స్థితిని బొమ్మగాఁ గట్టి చూచును. ఆ బొమ్మలోఁ గనఁబడినదానిని నిగమనముగాఁ గొనును. దానికి విరుద్ధమైన వేఱొక బొమ్మ కుదురునేమో యని వెదకును. ఎక్కువ బొమ్మలను గట్టవలసినచోఁ దప్పులును నెక్కువగును. ఒకరిది సూత్రము, మఱియొకరిది చిత్రము.

ఈ రెండింటిలో నేది సత్యమను వివాదము నాలుగు దశాబ్దులుగా నడచుచున్నది. న్యాయావయవములను జూచినచో, నీ రెండును బరస్పరవిరుద్ధములను భావమే శంకింపఁదగినదిగాఁ దోఁచును. పంచావయవములలో మూఁడవది యుదాహరణము. అందు వ్యాప్తిని జెప్పి యూరకుండక, వంటయిల్లు అను దృష్టాంతమును జేర్తురు; వ్యతిరేకమునకు మడుగును జూపుదురు. నియమము సూత్రము, వంటయిల్లును మడుగును మనస్సునఁ గట్టు బొమ్మలు. ఒకే యవయవమున సూత్రమును జిత్రమును గలిసియున్నవి. దృష్టాంత మనవసరమని పాశ్చాత్యతార్కికులు పలుమాఱు లాక్షేపించిరి. వాక్యముల రూపముననే నిగమనము సిద్ధించునపుడు వంటయి ల్లెందుకని వారి ప్రశ్న. రూపమే ప్రధానమైనచో నాక్షేపము సరియే. కాని వినువాని మనస్సున నిశ్చయమును బుట్టించుటయే యవయవముల ప్రయోజనమైనపుడు, ఆ మనస్సు దేనిని బట్టుకొని నిలుచునో దానిని విడుచుట తగదు.

నమ్మకమును తర్కమును బెనఁగులాడు చోటఁ బరీక్షలు మఱింత స్పష్టముగా మాటలాడును. జొనాథన్ ఎవన్సు, తన సహచరులతోఁ గలసి 1983లో నాలుగుజాతుల వాదములను విద్యార్థులముం దుంచెను. యుక్తమై నమ్మఁదగిన నిగమనమును నూటికి 89 వంతు లంగీకరించిరి. యుక్తమైనను నమ్మశక్యము గానిదానిని 56 వంతులు. అయుక్తమైనను నమ్మఁదగినదానిని 71 వంతులు. అయుక్తమును నమ్మశక్యము గానిదియు నైనదానిని 10 వంతులు మాత్రమే. ఉదాహరణమునకు, కొందఱు కవులు పండితులు. కొందఱు పండితులు వైద్యులు. కావునఁ గొందఱు కవులు వైద్యులు అన్నచో, నిగమనము లోకమున సంభావ్యమగుటచేఁ బెక్కురు తల యూఁపుదురు. ఆధారవాక్యములలో దాని కాధార మేమియు లేదు.

పక్షతాలక్షణ మెఱిఁగిన పండితుఁ డీ లెక్కను జూచి యూరకుండఁజాలఁడు. సాధ్యము ముందే సిద్ధమై, సాధింపవలెనను కోరిక లేనిచోట ననుమితి పుట్టదని గదా శాస్త్రము. నమ్మినదానిని మనస్సు మఱల ననుమానింపఁబోదు. ఆ 71 వంతులు తప్పుగా ననుమానించినవారని చెప్పుటకంటె, అనుమానమే చేయనివారని చెప్పుట సమంజసముగా నుండును. అట్లే నమ్మశక్యము గానిచోట వేఱొక ప్రమాణము బాధకమై నిలుచును. అగ్ని చల్లనిదని యెట్టి హేతువును జెప్పినను జేయి కాలినవాఁడు వినఁడు. అయితే యిచ్చట రెండు శాస్త్రములకును గల భేదమును మఱుఁగుపఱుపరాదు. ఆధారవాక్యములను నిజమని యొప్పుకొని పిమ్మట నేమగునో చెప్పుమని పరీక్షకుని యాజ్ఞ. ఆ యాజ్ఞను బట్టి బాధమునకుఁ జోటు లేదు. నైయాయికుని లక్ష్యము ప్రమ. పరీక్షకుని లక్ష్యము రూపశుద్ధి. మొదటిదానియందు గుణమైనది రెండవదానియందు దోషముగా లెక్కింపఁబడుచున్నది.

ఈ భేదమే 1989నాఁటి రూత్ బైర్న్ పరీక్షయందును గనఁబడును. “ఆమెకు వ్యాసము వ్రాయవలసియున్నచో గ్రంథాలయమునఁ బ్రొద్దుపోవువఱకుఁ జదువును; ఆమెకు వ్యాసము వ్రాయవలసియున్నది” అని మాత్రము చెప్పినపుడు నూటికి 96 వంతులు నిగమనమునకు వచ్చిరి. “గ్రంథాలయము తెఱచియున్నచోఁ జదువును” అను మఱియొక వాక్యమును జేర్పఁగా నది 38 వంతులకు దిగెను. రూపతర్కమునుబట్టి వాక్యము చేర్చినమాత్రమున నిగమనము చెడరాదు. కాని ఆ చదువరులు చేసినది యేమి? మొదటి వ్యాప్తికి నుపాధి గలదని వారికి స్ఫురించెను. స్ఫురింపఁగానే నిశ్చయమును విడిచిరి. ఉపాధిని జూపఁగా వ్యాప్తిని విడుచుట న్యాయమున వివేకమే గాని యవివేకము గాదు.

ఇట్టి యపవాదము నెక్కువగా మోసినవారు చదువురాని రైతులు. రష్యా మనస్తత్త్వజ్ఞుఁడు అలెగ్జాండరు లూరియా 1931, 1932 సంవత్సరములలో నుజ్బెకిస్తానమునకుఁ బోయి యచ్చటి పల్లెవారిని బరీక్షించెను. ఆ గ్రంథము 1974లోఁ గాని వెలువడలేదు. మంచుగల యుత్తరదేశమున నెలుగుబంట్లన్నియుఁ దెల్లనివి. ఫలాని ద్వీప మట్టి యుత్తరదేశమున నున్నది. అచ్చటి యెలుగుబంట్ల రంగేమి యని యడిగెను. తాము చూడని జంతువునుగూర్చి చెప్పఁజాలమనియు, చూచినవానినే యడుగుమనియుఁ బెక్కురు బదులిచ్చిరి. తమకుఁ దెలిసిన విషయములం దీ రైతులే చక్కగా నిగమనమునకు వచ్చిరని లూరియాయే వ్రాసెను. కొలఁదికాలము బడికిఁ బోయినవా రెలుగుబంటి ప్రశ్నకును సులువుగా నుత్తరమిచ్చిరి. తరువాతఁ బశ్చిమాఫ్రికాలోని లైబీరియాలోఁ బరిశోధించిన సిల్వియా స్క్రిబ్నర్ మఱియొక సూక్ష్మమును గమనించెను. ఎఱిఁగిన మనుష్యునిగూర్చియే యుత్తరము చెప్పవచ్చుననియు, ప్రశ్నలోనివాఁడు తన కెఱుక లేనివాఁడనియు, కావునఁ జెప్పఁజాలననియు నొక రైతు బదులిచ్చెను. ఉత్తరమును నిరాకరించిన యా మాటయే సంపూర్ణమైన యనుమానము! అతఁడు నిరాకరించినది తర్కమును గాదు. అపరిచితుని వాక్యమును బ్రమాణముగాఁ గొనుటను. ఆప్తుఁడు గానివాని వాక్యము శబ్దప్రమాణము గాదని బడిలోఁ జదివినవాఁడును ఒప్పుకొనవలసినదే.

అయినచో బడి నేర్పిన దేమి? నిజమా కాదా యను విచారమును గాసేపు ప్రక్కకుఁ బెట్టి, ఒప్పుకొన్నంతమాత్రమున నేమగునో చూతమను నొడంబడికను. ఇది న్యాయమునకుఁ గ్రొత్త గాదు. నిప్పు లేకున్నచోఁ బొగయు నుండకపోవును గదా యని యారోపించి చూచు తర్క మిదియే. ఈ యొడంబడిక గొప్ప సాధనము. గణితమును వ్యవహారశాస్త్రమును దానిమీఁద నిలిచినవి. కాని దానిని నేర్వనివానిని బుద్ధిహీనుఁడనుట, ఈఁత నేర్వనివానిని గాళ్లు లేనివాఁడనుట వంటిది.

కడపటి విచారము స్వార్థపరార్థభేదమునుగూర్చి. తనకై చేసికొను ననుమానము వేఱు, ఇతరునికై ప్రయోగించు ననుమానము వేఱు అను విభాగమును శాస్త్రమున స్థిరపఱచినవారిలో బౌద్ధాచార్యుఁడు దిఙ్నాగుఁ డగ్రగణ్యుఁడు. ఆ యాచార్యుఁ డాంధ్రదేశమున నొక కొండపై హేతువిద్యాగ్రంథమును రచించెనని యేడవ శతాబ్దమునఁ బర్యటించిన హ్యూయెన్ త్సాంగు వ్రాసియుండెను. ఈ విభాగమునకు నిప్పటి పరీక్షలయందు నపూర్వమైన సాక్ష్యము లభించినది. మోష్‌మన్, గైల్ అనువారు 1998లోఁ జీటుల పరీక్షనే యొంటరిగాఁ గొందఱికిని, ఐదాఱుగురు చొప్పునఁ గూడిన గుంపులుగాఁ గొందఱికిని నిచ్చిరి. ఒంటరివారిలో నూటికి 9 వంతులు సరియైన చీటుల నెన్నుకొనిరి. గుంపులలో నూటికి 75 వంతులు. చీటులవే, నియమ మదియే, బీరు లేదు, వయస్సు లేదు. హేతువును జెప్పుమని యడుగువాఁడు ప్రక్కనుండుటయే భేదము.

యూగో మెర్సియె, డాన్ స్పెర్బెర్ అనువారు 2011లో వ్యాసముగాను, 2017లో గ్రంథముగాను ఈ విషయమును సిద్ధాంతీకరించిరి. వారి మతమున వివేచనాశక్తి యేకాంతవిచారమునకై పుట్టినది కాదు. ఇతరుల నొప్పించుటకును, ఇతరులు చెప్పినదానిని బరీక్షించుటకును బుట్టినది. న్యాయమున స్వార్థము మూలము, పరార్థము దాని వాగ్రూపము. వీరు క్రమమును దిరుగవేసిరి. ఈ తిరుగవేఁత పూర్తిగా సిద్ధించినదని చెప్పరాదు. ఒంటరివారిలో సరిగాఁ జూచిన యా కొలఁదిమంది యెట్లు చూచిరో దీనివలనఁ దెలియదు. మఱియు గుంపులోఁ దప్పును మొదటఁ గనుఁగొనువాఁ డెవ్వఁడో యొకఁడు దన మనస్సుననే కనుఁగొనవలెను గదా. వివాదమువలన సత్యము బయల్పడుటకు సభ్యులందఱికిని సత్యమునం దాసక్తి యుండవలెనని వారు నంగీకరించిరి. గౌతమీయమున వాదము, జల్పము, వితండ యని మూఁడు తెఱఁగులు చెప్పుట యిందులకే. తత్త్వమునకై చేయునది వాదము. గెలుపునకై చేయునది జల్పము. తన పక్షము లేక పరపక్షమును గొట్టుట మాత్రమే వితండ. మోష్‌మన్ గుంపులు చేసినది వాదము. జల్పమునకును నట్టి ఫలమే కలుగునని యా లెక్క చెప్పదు.

ఈ పోలికలనుబట్టి పరీక్షాఫలములన్నియుఁ బూర్వమే యెఱుఁగఁబడినవని పొంగిపోవుట తగదు. ఉపాధియని, బాధమని, పక్షతయని పేరులు పెట్టిన శాస్త్రకారులు, ఎంద ఱెన్నిమాఱులు పొరపడుదురో లెక్కింపలేదు. ఆ 89, 56, 71, 10 అను నంకెలు తాళపత్రములలో దొరకవు. లెక్కించినవారో, పొరపాటులోని జాతులను వేఱుపఱుపక యన్నిటిని “తర్కదోషము” అను నొకే బుట్టలోఁ బడవైచిరి. వ్యతిరేకమును వెదకకపోవుట, వ్యాప్తిని దలక్రిందులు చేయుట, సిద్ధమైనదానిని బరీక్షింపకపోవుట, ఉపాధి స్ఫురింపఁగా నాఁగిపోవుట, ఒడంబడికను నిరాకరించుట: ఇవి యైదు వేర్వేఱు మనోవ్యాపారములు. వీనిలో మొదటి రెండు దోషములు, మూఁడవది యలసత్వము, కడపటి రెండును జాగరూకత. ఈ వివేకము లేక మనుష్యుఁడు తర్కహీనుఁడని తీర్పు చెప్పుట హేతుదోషమును బట్టఁబోయి హేతుదోషమునఁ బడుట.

ఇది పండితసభలలో ముగియవలసిన వివాదము మాత్రమే కాదు. “మనుష్యులందఱు మర్త్యులు” అని మొదలిడి పాఠము చెప్పు నుపాధ్యాయునితో “నేను జూడలేదు” అను బాలుఁడు ప్రతి తరగతియందును నుండును. వాని కొడంబడికను నేర్పవలెను గాని, మందబుద్ధియని వెనుకబల్లకుఁ బంపరాదు. నియమమును వల్లెవేయించి యొంటరిగా వ్రాయించిన పరీక్షలోఁ దప్పిన విద్యార్థియే, నలుగురిలోఁ గూర్చుండఁబెట్టి “ఈ నియమ మెచ్చటఁ జెడును?” అని యడిగినచో సాధ్యము లేనిచోటికిఁ దానై పోఁగలఁడు. పాఠశాలయం దీ ప్రశ్నకుఁ జోటిచ్చిననాఁడు ఇనుపగుండును మడుఁగును మఱల దృష్టాంతములగును. నేఁడు పెక్కుచోట్ల నవి కంఠపాఠములు.